కాబోలు, శాయద్, పర్‌హాప్స్: మట్టెవాడ నేర్చిన సందేహపు ఇంగ్లీషు

ఇంగ్లీషులో సందేహాన్ని చెప్పే క్రియల్లో తెలుగు పిల్లలకు మొట్టమొదట పరిచయమయ్యేది 'మే'. అయితే అది సందేహంగా కాదు, అనుమతిగా పరిచయమవుతుంది. తరగతి గుమ్మం దగ్గర చెయ్యి చాపి 'మే ఐ కమిన్ సార్' అనడం వరంగల్లు మట్టెవాడ బడుల్లోనే కాదు, తెలుగు నేల అంతటా అక్షరాలు పూర్తిగా రాకముందే అలవడే మాట. కొన్నేళ్ల తర్వాత అదే 'మే' 'ఇట్ మే రెయిన్' అనే వాక్యంలో మళ్లీ ఎదురవుతుంది. వానకు ఎవరి అనుమతి కావాలని ఏ పిల్లవాడూ తికమకపడడు. ఎందుకంటే తెలుగు 'వచ్చు' కూడా ఆ రెండు పనులూ చేస్తుంది. 'లోపలికి రావచ్చు' అంటే అనుమతి, 'వాన రావచ్చు' అంటే ఊహ. చిక్కంతా 'కాదు' దగ్గర మొదలవుతుంది. 'హి మే నాట్ కమ్' అన్న ఒక్క ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు రెండుగా చీలుస్తుంది: అతను రాకూడదు, అతను రాకపోవచ్చు. మొదటిది నిషేధం, రెండోది అనుమానం. ఇంగ్లీషు ఒకే తొడుగులో దాచిన రెండు అర్థాలను విడదీసి చూడడం ఈ చదువులో మొదటి మెట్టు.

మట్టెవాడ ఓరుగల్లు కోటకూ హనుమకొండకూ నడుమ, భోగేశ్వరాలయం చుట్టూ పెరిగిన పాత పేట. నిజాం కాలపు ఇంగ్లీషు రాతల్లో దీని పేరు మత్వాడ అని కనిపిస్తుంది. 1323లో కాకతీయ రాజ్యం కూలిన తర్వాత తుగ్లకులు, బహమనీలు, కుతుబ్ షాహీలు, మొగలులు, చివరికి 1724 నుంచి ఆసఫ్ జాహీలు ఈ ప్రాంతాన్ని ఏలారు. పాలకులు మారారు, కచేరీ భాషా మారింది గాని ఇంటి భాష మారలేదు. 1880ల దాకా కచేరీలో ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ, బజారులో తెలుగూ ఉర్దూ కలగలుపు, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు ఇక్కడికి వచ్చేసరికే సందేహాన్ని రెండు తీర్ల చెప్పడం పేటకు అలవాటై ఉంది. అందువల్ల ఇక్కడివారి ఇంగ్లీషు చదువు కోస్తా జిల్లాల చదువుకంటే కొంచెం భిన్నంగా నడిచింది.

తెలుగు తన సందేహాన్ని వాక్యం తోకన పెడుతుంది. మట్టెవాడ వైపు మాట్లాడుకునే తీరులో ఒక చిన్న సంభాషణ చూస్తే ఈ సంగతి తేటపడుతుంది.

'సేటు అచ్చిండా?'

'అచ్చిండట.'

'ఇంట్ల ఉన్నడా?'

'ఉన్నడు గావచ్చు.'

'మాపటికి దుకాణం తీస్తడా?'

'ఏమోనుల్ల, తీస్తడో తియ్యడో.'

మూడు జవాబుల్లోనూ నిశ్చయం లేదు. కానీ మూడు అనిశ్చయాలూ ఒకటి కావు. 'అచ్చిండట' అన్నవాడు సేటును చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడు; ఆ మాటకు బాధ్యత తనది కాదని ఒక్క 'అట'తో తప్పుకున్నాడు. 'ఉన్నడు గావచ్చు' అన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. వచ్చినవాడు ఇంట్లో ఉంటాడన్న తర్కం తనదే. 'తీస్తడో తియ్యడో' అన్నచోట విన్నదీ లేదు, తర్కమూ లేదు; రెండు దారులూ తెరిచి ఉంచి చేతులెత్తేయడమే. సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే ఇలాంటి ప్రత్యయాలను ప్రత్యేకంగా పరిశీలించడం ప్రపంచ భాషాశాస్త్రంలో 1980ల నుంచి ఊపందుకుంది. మట్టెవాడ బజారుకు అది పుట్టుకతో వచ్చిన వ్యాకరణం.

ఈ మాటల పుట్టుపూర్వోత్తరాలు కూడా ఆసక్తికరమైనవే. 'కాబోలు'లో ఉన్న 'పోలు' పోలికను చెప్పే క్రియ. అయినట్టుగా తోస్తోందని దాని లోపలి అర్థం. 'అనుకుంటా' అంటే తనకు తాను చెప్పుకోవడం. తెలుగులో ఆలోచన మనసులో పలికిన మాట. 'ఒకవేళ'లో ఉన్నది కాలం. 'బహుశా' కథ మరీ విచిత్రం. సంస్కృతంలో ఆ మాటకు 'పలుమార్లు, ఎక్కువగా' అని అర్థం. తరచుగా జరిగేది ఇప్పుడూ జరగవచ్చునన్న నమ్మకంలోంచి కాబోలు తెలుగులో అది 'అయితే కావచ్చు'గా మారిపోయింది. సంస్కృత పండితుడు ఇందులో పొరపాటు చూస్తాడు గాని, లెక్కలు తెలిసినవాడికి ఇందులో సంభావ్యత సిద్ధాంతం కనిపిస్తుంది.

ఉర్దూ వేరే దారి చూపింది. ఫారసీ నుంచి వచ్చిన 'శాయద్' కూడా మొదట క్రియే, 'తగును' అని దాని అర్థం. ఉర్దూలో అది విడి మాటై, సాధారణంగా వాక్యానికి ముందు నిలబడుతుంది. వినేవాడికి మొదటి మాటతోనే హెచ్చరిక అందుతుంది. కొలతకూ లెక్కకూ సంబంధించిన సందేహాలను తెలుగు చాలానే ఫారసీ నుంచి తెచ్చుకుంది. 'సుమారు'కు మూలం లెక్కింపును చెప్పే 'షుమార్'. తెలంగాణ నోట 'అందాదా' అయినది 'అందాజా'. 'ఇంకా ఖరారు కాలేదు' అనే మాటలోని ఖరారూ అటు నుంచి వచ్చిందే. ఇందులో వ్యాపారం పాత్ర ఉంది. వరంగల్లు తివాచీలు 1851లో లండన్ మహా ప్రదర్శనలో చోటు సంపాదించుకున్నాయి. పక్కనే ఉన్న కొత్తవాడలో నేసే దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. నూలు ఎంత పడుతుంది, ఎన్నాళ్లకు తెగుతుంది, ఎంతకు పోతుంది అన్న ప్రశ్నలకు నేతగాడి దగ్గరా షావుకారు దగ్గరా ఉండే జవాబు అందాదాయే.

ఇంగ్లీషు ఈ ప్రాంతానికి రెండు వైపుల నుంచి వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లో హనుమకొండలో కేంద్రం పెట్టింది. 1886లో నిజాం హామీ రైల్వే వరంగల్లు చేరింది. మరో మూడేళ్లకు బెజవాడతో కలిసింది. మిషన్ ఇంగ్లీషు పుస్తకాలది, రైలు ఇంగ్లీషు రోజువారీ బతుకుది. టికెట్టు, టైము, లేటు అనే మాటలు బడి మెట్లు ఎక్కనివారి నోట కూడా పడ్డాయి. వీటిలో 'లేటు' సందేహాన్ని మోసుకొచ్చిన మాట. ఎద్దుబండి ప్రయాణంలో ఆలస్యం ఉంటుంది గాని లేటు ఉండదు. నిమిషాలతో సహా చెప్పిన వేళ ఒకటి ముందుగా ఉంటేనే, అది తప్పుతుందా అన్న అనుమానమూ ఉంటుంది. తర్వాతి కాలంలో రిజర్వేషన్ వచ్చాక 'వెయిటింగ్ లిస్టు', 'కన్ఫర్మ్' అనే మాటలు అదే వరుసలో చేరాయి. వెయిటింగ్ లిస్టులో నంబరు చూసి బెర్తు దొరికేదీ లేనిదీ అందాజు కట్టడంలో చదువు రానివారు కూడా ఆరితేరారు.

పుస్తకాల ఇంగ్లీషుకు నిఘంటువులు ఆధారం. సి.పి. బ్రౌన్ 1852లో ప్రచురించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ప్రధానంగా తెలుగు నేర్చుకోదలచిన దొరలకు పనికొచ్చేది. ఇంగ్లీషు నేర్చుకునే తెలుగువాడికి 19వ శతాబ్ది చివర వచ్చిన పి. శంకరనారాయణ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఎన్నో ఏళ్లు పెద్ద దిక్కయింది. నిఘంటువు మాటకు మాట ఇస్తుంది. ఆ మాట వాక్యంలో ఎక్కడ కూర్చుంటుందో, ఎంత బరువు మోస్తుందో చెప్పడం దాని పని కాదు. ఇంగ్లీషు 'పర్‌హాప్స్'లో దాగి ఉన్న 'హాప్' అదృష్టాన్ని, యాదృచ్ఛికతను చెప్పే పాత మాట. 'హాపెన్', 'హాపీ' దాని చుట్టాలే. 'మేబీ' 'అయి ఉండవచ్చు' అన్న పూర్తి వాక్యం కుదించుకుపోయిన రూపం. ఒకటి అదృష్టంలోంచి పుట్టింది, ఇంకొకటి అవకాశంలోంచి. తెలుగు విద్యార్థి కాపీ పుస్తకంలో రెండింటికీ ఎదురుగా 'బహుశా' అన్న ఒక్క మాటే ఉంటుంది.

నిజాం రాజ్యంలో ఈ చదువుకు మరో మెలిక పడింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో పై చదువులు చెప్పింది, ఇంగ్లీషును మాత్రం తప్పనిసరి భాషగా ఉంచింది. దాని కింద వరంగల్లు ప్రాంతానికి 1927లో కళాశాల చదువు అందింది. ఇప్పటి సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కళాశాలకు మూలం అదే. బడుల్లోనూ ఉర్దూదే పెద్దరికం. తెలుగింటి పిల్లవాడు ఇంగ్లీషు పాఠాన్ని ఉర్దూ అర్థాల సాయంతో చదివి, ఆ ఉర్దూను తెలుగులో తలపోసుకునేవాడు. 'పర్‌హాప్స్' ముందు 'శాయద్' అయ్యేది, ఇల్లు చేరేసరికి 'గావచ్చు' అయ్యేది. చుట్టుదారే అయినా ఇందులో ఒక లాభం ఉంది. సందేహాన్ని వాక్యం ముందుకు తెచ్చే అలవాటు ఉర్దూ ముందే నేర్పింది కనుక, ఇంగ్లీషు వరుస అంత కొత్తగా అనిపించదు.

1916 నుంచి 1928 దాకా హైదరాబాదు సంస్థానపు విద్యాశాఖ పగ్గాలు సయ్యద్ రాస్ మసూద్ చేతిలో ఉన్నాయి. ఇంగ్లీషు నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ 1924లో వెలువరించిన 'ఎ పాసేజ్ టు ఇండియా'ను అంకితమిచ్చింది ఈ మసూద్‌కే. మరబార్ గుహలో అసలు ఏం జరిగిందో చివరిదాకా తేల్చకుండా వదిలేసిన నవల అది. ఇంగ్లీషు భాష సందేహాన్ని ఎంత దూరం మోయగలదో చూపిన ఆ పుస్తకం మీద వరంగల్లు బడులను కూడా అజమాయిషీ చేసిన అధికారి పేరుండడం కాకతాళీయమే, కానీ మరిచిపోదగింది కాదు.

ఆ బహుభాషా చదువు ఎలాంటి మనుషులను తయారు చేసిందో చెప్పడానికి హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావు ఒక్కరు చాలు. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ, ఇంగ్లీషు ఆయనకు సమానంగా నడిచాయి. 1998లో 'ది ఇన్‌సైడర్' అనే నవలను నేరుగా ఇంగ్లీషులోనే ప్రచురించారు. నిర్ణయం తీసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమేనన్న మాట ఆయన పేరు మీద చెలామణిలో ఉంది. సందేహాన్ని ఇన్ని భాషల్లో అదుపు చేయగలిగినవారి మీద ఇలాంటి మాటలు పుట్టడం సహజం.

1948 సెప్టెంబరులో సంస్థానం భారతదేశంలో కలిశాక ఉర్దూ వంతెన తొలగిపోయింది. బడిలో తెలుగు మాధ్యమం బలపడింది; కళాశాలలో ఇంగ్లీషు వచ్చి కూర్చుంది. ఇక తెలుగు నుంచి ఇంగ్లీషులోకి ఒకే గంతు. ఆ కాలంలో వ్యాకరణానికి పెద్దబాలశిక్షలాంటిది రెన్ అండ్ మార్టిన్. 1930ల మధ్యలో వచ్చిన 'హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్'కు ఇప్పటికీ విద్యార్థులు ఈ పేరే వాడతారు. తర్వాతి కూర్పులను సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు. ఆ సంప్రదాయంలో మే, మైట్, కెన్, మస్ట్ అన్నీ సహాయక క్రియల అధ్యాయంలో నియమాల కింద వస్తాయి. నియమం కంఠస్థమవుతుంది, వాడుక వెనకబడుతుంది.

తెలుగు విద్యార్థుల వాక్యాల్లో ఆ వెనకబాటు జాడలు స్పష్టంగా ఉంటాయి. 'పర్‌హాప్స్ హి మే కమ్' అన్నది వాటిలో మొదటిది. ఇంగ్లీషుకు ఒక సందేహం చాలు. రెండోది అనవసరమని మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేస్తారు. తెలుగు చెవికి మాత్రం అది సరిగ్గానే వినిపిస్తుంది. 'బహుశా వస్తాడు' అంటే ఏదో తక్కువైనట్టుంటుంది. 'బహుశా వస్తాడేమో' అన్నప్పుడే వాక్యం కుదుటపడుతుంది. ముందు పెట్టిన సందేహానికి వెనక నుంచి ఒక వంతపాట కావాలి. విద్యార్థి చేసిన తప్పు తెలియక చేసింది కాదు, తన భాష తెలిసి చేసింది. 'హి విల్ కమ్, ఐ థింక్' అని చివర 'అనుకుంటా'ను తగిలించడమూ ఆ కోవలోదే. అయితే ఇది ఇంగ్లీషులోనూ చెల్లుతుంది కనుక ఎవరూ కొట్టేయరు.

అంకెల దగ్గర ఇంకో ఇబ్బంది. తెలుగు నాలుగైదు, ఐదారు, పదీపదిహేను అంటూ రెండు అంకెలను జోడించి అందాజు చెబుతుంది. అదే జోడింపు ఇంగ్లీషులోకి తెచ్చి 'ఫోర్ ఫైవ్ మెంబర్స్ కేమ్' అంటారు. మధ్యలో 'ఆర్' లేని ఆ జంటను తెలియనివాడు నలభై అయిదుగా వినే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట 'డౌట్'. తెలుగులో 'వాడే తీశాడని నా అనుమానం' అంటే వాడే తీశాడని నమ్మడానికి దగ్గరగా ఉన్నట్టు. దాన్ని మాటకు మాట మార్చి 'ఐ డౌట్ హి టుక్ ఇట్' అంటే ఇంగ్లీషులో అర్థం సరిగ్గా తిరగబడుతుంది: వాడు తీశాడంటే నమ్మలేకపోతున్నాను అని. తెలుగు అనుమానానికి ఇంగ్లీషులో సరిజోడు 'సస్పెక్ట్'. తెలుగు అనుమానం జరిగిందనే వైపు మొగ్గుతుంది, ఇంగ్లీషు డౌట్ జరగలేదనే వైపు. ఇంటి గొడవల్లో ఇది నవ్వులాట. ఠాణాలోనో కోర్టులోనో రాతపూర్వకంగా ఇచ్చే వాంగ్మూలంలో ఇదే తిరగబాటు జరిగితే, నింద మోసేవాడూ నింద వేసేవాడూ ఒకరి స్థానంలో ఒకరు నిలబడతారు. వ్యాకరణ పుస్తకాల్లో ఈ ఒక్క మాటకు ఒక పేజీ కేటాయించి ఉండాల్సింది.

బడిలో వినిపించే 'సార్, ఒక డౌటు' మాత్రం వేరే సంగతి. సంస్కృతం నుంచి వచ్చిన 'సందేహం' తెలుగులో అనుమానమూ అవుతుంది, అడగదలచిన ప్రశ్నా అవుతుంది. ఆ రెండో అర్థాన్ని 'డౌట్' మీదికి ఎక్కించి 'ఐ హావ్ ఎ డౌట్' అనడం భారతీయ ఇంగ్లీషు అంతటా స్థిరపడింది. లండన్‌లో ఆ మాట విన్న ఉపాధ్యాయుడు తాను చెప్పినదాన్నే శంకిస్తున్నారని అనుకుంటాడు. వరంగల్లులో అదే మాటకు ఉపాధ్యాయుడు సంతోషంగా చాక్‌పీసు తీసుకుంటాడు.

1959లో వరంగల్లుకు ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల వచ్చింది. దేశంలో ఆ వరసలో మొదటిది అది. అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. సీట్లలో సగం ఇతర రాష్ట్రాల విద్యార్థులవి కావడంతో వసతిగృహాల్లోనూ క్యాంటీన్లోనూ ఇంగ్లీషు మాట్లాడక తప్పని పరిస్థితి ఏర్పడింది. అంతకుముందు ఏడాదే హైదరాబాదులో కేంద్రీయ ఆంగ్ల సంస్థ మొదలైంది. తర్వాత అది సీఫెల్‌గా, 2007లో ఇఫ్లూగా మారింది. నియమాలు వల్లె వేయించడం కాక, వాక్య నిర్మాణాలను సందర్భంలో పెట్టి చెప్పాలన్న పద్ధతి ఆ సంస్థలో శిక్షణ పొందిన ఉపాధ్యాయుల ద్వారా జిల్లాలకు పాకింది. 'ఇట్ మే రెయిన్' చెప్పడానికి కిటికీలోంచి మబ్బు చూపించడం ఆ పద్ధతిలో పాఠం.

తెలుగు వ్యవస్థను ఇంగ్లీషువారికి సమగ్రంగా వివరించిన గ్రంథం 1985లో వచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తితో కలిసి 'ఎ గ్రామర్ ఆఫ్ మోడరన్ తెలుగు' రాసిన జె.పి.ఎల్. గ్విన్ ఒకప్పటి ఐ.సి.యస్. అధికారి, 1991లో ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు కూడా వెలువడింది. 'అట', 'ఏమో', 'ఓ' వంటి చిన్న ముక్కలు వాక్యానికి ఏం చేస్తాయో ఇలాంటి పనివల్లే శాస్త్రీయంగా నమోదైంది. ఇంగ్లీషు నేర్చుకునేవాడికి ఇవి అందుబాటులో లేకపోవడం ఒక లోటు. తన భాష సందేహాన్ని ఎలా చెబుతుందో తెలిసినవాడికి పరాయి భాష సందేహం సగం తెలిసినట్టే.

పలుకుబడుల సంగతి వేరు. పరీక్షలో 'కింది జాతీయాలను సొంత వాక్యాల్లో ప్రయోగించండి' అన్న ప్రశ్నకు జవాబుగా అవి వచ్చాయి, అందువల్ల జాబితాగానే మిగిలాయి. గైడు పుస్తకాలు 'సిట్ ఆన్ ద ఫెన్స్'కు ఎదురుగా 'గోడమీద పిల్లి' అని వేసి చేతులు దులుపుకుంటాయి. చూడడానికి అతికినట్టే ఉంటుంది. కానీ తెలుగు పిల్లి లాభం ఎటుందో చూసి అటు దూకడానికి కాచుకుని ఉంది. ఆ మాటలో తిట్టు ఉంది. కంచె మీద కూర్చున్న ఇంగ్లీషు మనిషి ఏ పక్షమూ పట్టకుండా తప్పించుకుంటున్నాడు, దూకే ఉద్దేశమే లేకపోవచ్చు. పిల్లికి దగ్గరి చుట్టం ఇంగ్లీషులో వేరే ఉంది: పిల్లి ఎటు దూకుతుందో చూద్దామని వాళ్లూ అంటారు. 'అప్ ఇన్ ది ఎయిర్' అంటే ఇంకా తేలని వ్యవహారం. 'గాల్లో దీపం' అంటే ఏ క్షణాన ఆరిపోతుందో తెలియని బతుకు. మొదటిదాంట్లో ఎదురుచూపు ఉంది, రెండోదాంట్లో భయం ఉంది. 'ముందు నుయ్యి వెనుక గొయ్యి'కి 'బిట్వీన్ ద డెవిల్ అండ్ ద డీప్ సీ' చక్కగా సరిపోతుంది గాని, అది సందేహం కానే కాదు. రెండు వైపులా చావేనని నిశ్చయంగా తెలుసు. బొమ్మా బొరుసా అనే మాటకు 'టాస్ అప్' మాత్రం ఒక ఒరలోనిదే, రెండు చోట్లా ఎగిరేది నాణెమే. 'మీనమేషాలు లెక్కించడం' లాంటిది ఇంగ్లీషుకు లేదు. ముహూర్తం చూడడం బతుకులో భాగమైన చోటే ఆ వెక్కిరింత పుడుతుంది.

'యువర్ గెస్ ఈజ్ యాజ్ గుడ్ యాజ్ మైన్' అన్నది ఎక్కువమందిని బోల్తా కొట్టించే మాట. 'గుడ్' అని వినపడగానే తన ఊహను మెచ్చుకున్నారనుకుని సంతోషించేవారు ఉంటారు. 'నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు' అని దాని అర్థం. తెలుగులో ఆ మాట రోజూ అనేదే. మాటలు తెలియక కాదు, మెచ్చుకోలు వేషంలో అజ్ఞానాన్ని ఒప్పుకునే ఆ మర్యాద తెలియక ఈ పొరపాటు.

బడి వదిలేసిన ఖాళీని అంగడి పూరించింది. ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకాలు బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో అమ్ముడుపోయాయి. కపిల్‌దేవ్ ప్రకటనలతో ఇంటింటికీ తెలిసిన ర్యాపిడెక్స్ స్పీకింగ్ కోర్సు తెలుగులోనూ దొరికింది. 'ఈనాడు' ప్రతిభ పేజీల్లో ఎం. సురేశన్ నడిపిన స్పోకెన్ ఇంగ్లీష్ శీర్షిక సంభాషణ నుంచి వ్యాకరణానికి వెళ్లింది. ముందు మాట్లాడే వాక్యం, తర్వాతే దాని వెనకున్న నియమం. పాఠ్యపుస్తకం చేయని పనిని దినపత్రిక చేసింది. ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్లదలచినవారికి టోఫెల్, జీఆర్ఈ పరీక్షలు మరో అవసరాన్ని తెచ్చిపెట్టాయి. వ్యాసకర్త ఎంత నమ్మకంతో చెబుతున్నాడో కనిపెట్టకపోతే అక్కడ మార్కులు రావు.

పత్రికల భాష ఇంకో వైపు నుంచి ఈ కథలో చేరింది. ఇంగ్లీషు పత్రికల 'రిపోర్టెడ్లీ' తెలుగులో 'తెలిసింది', 'సమాచారం', 'వినికిడి', 'భోగట్టా' అయింది. ఇవన్నీ ఒకప్పటి 'అట' చేసిన పనినే చేస్తాయి, కాకపోతే కోటు తొడుక్కుని. 'చాన్స్'కు అనువాదంగా స్థిరపడిన 'అవకాశం' మాత్రం కొంత అన్యాయం చేసింది. అవకాశం అంటే మంచి వీలు, కలిసొచ్చేది. 'ప్రమాదం జరిగే అవకాశం ఉంది' అన్న శీర్షిక చదివితే ప్రమాదానికి ఎవరో దారి చూపుతున్నట్టుంటుంది. భాషాభిమానులు ఎంత మొత్తుకున్నా ఆ వాడుక పోలేదు.

సందేహానికి తూకం వేయాలన్న తపన ఇంగ్లీషు ప్రపంచంలోనూ ఆలస్యంగానే పుట్టింది. 1951లో అమెరికా గూఢచారి సంస్థ యుగోస్లావియాపై దాడి జరిగే 'గట్టి అవకాశం' ఉందని ఒక నివేదిక ఇచ్చింది. ఆ మాటను నివేదిక రాసినవారే ఒక్కొక్కరు ఒక్కో రకంగా అర్థం చేసుకున్నారని ఆ సంస్థ విశ్లేషకుడు షెర్మన్ కెంట్ తర్వాత కనిపెట్టాడు. ఒకరి లెక్క నూటికి 20, మరొకరి లెక్క నూటికి 80. దాంతో ఆయన 1964లో మాటలకు అంకెలు కేటాయించాడు: 'ప్రాబబుల్' అంటే నూటికి 75, 'ఆల్మోస్ట్ సర్టెన్' అంటే 93. వాతావరణ మార్పులపై పనిచేసే అంతర్జాతీయ సంఘం 'లైక్లీ'ని నూటికి 66కు పైమాటగా, 'వెరీ లైక్లీ'ని 90కి పైమాటగా నిర్వచించింది. ఆ నివేదికలు తెలుగు వార్తగా మారేసరికి రెండూ 'అవకాశం ఉంది'లో కలిసిపోతాయి.

వాన విషయంలో మాత్రం తెలుగు కొంత నిలదొక్కుకుంది. భారత వాతావరణ శాఖ ఒక ప్రాంతంలోని కేంద్రాల్లో పాతిక శాతం దాకా వాన పడితే ఒక మాట, సగం దాకా పడితే ఒక మాట, ముప్పాతిక దాకా ఇంకొకటి, ఆపైన మరొకటి వాడుతుంది. 'ఒకటి రెండు చోట్ల', 'కొన్ని చోట్ల', 'అనేక చోట్ల', 'దాదాపు అన్ని చోట్ల' అని తెలుగు వార్తల్లో వినిపించేవి ఈ మెట్లే. రైతు వాటి వెనకున్న శాతాలు చూడడు. 'ఒకటి రెండు చోట్ల' అంటే మన ఊరు కాదని తేల్చేసుకుంటాడు.

2022–23 విద్యా సంవత్సరంలో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలయ్యాక మట్టెవాడలో చదివే పిల్లల ముందున్నది పాత ప్రశ్నకు కొత్త రూపం. పాఠం ఇంగ్లీషులో, వివరణ రెండు భాషల్లో, ఆటస్థలం తెలుగులో. అయినా పేట తన మాటలను మార్చుకోవడం ఎప్పటి నుంచో సాగుతోంది. గ్యారంటీ, చాన్సు, ఫిఫ్టీ ఫిఫ్టీ, కన్ఫర్మ్ అన్నవి నిరక్షరాస్యుల తెలుగు కూడా అయ్యాయి. వీటన్నిట్లో ఎక్కువ దూరం ప్రయాణించింది 'డౌటు'. ఇంగ్లీషులో అది వాక్యం మొదట నిలబడి, వినేవాణ్ని ముందే సిద్ధం చేసేది. మట్టెవాడ బజారులో 'సేటు అస్తడో రాడో డౌటే' అన్నప్పుడు అది 'ఏమో' పక్కకు, 'కాబోలు' ఉండే చోటికి, వాక్యం తోకకు వచ్చి కూర్చుంది. అర్థం మాత్రం ఇంగ్లీషుదే మిగిలింది: సేటు రాకపోవడం వైపే మొగ్గు.